ఐదింటికే తెల్లారిపోయే మన ఊళ్లలో పిల్లల్ని ఆరింటిదాకా పడుకోబెట్టడం ఎలా?

ఏప్రిల్ సగం దాటిందంటే ఒడిశా-ఆంధ్రా సరిహద్దులో బరంపురం, పర్లాకిమిడి, ఇచ్ఛాపురం వైపు చిన్నపిల్లలున్న ఇళ్లలో వినిపించే మాట ఒకటే. "ఐదు కాకముందే లేచి కూర్చుంటున్నాడు, తొమ్మిదింటికల్లా పేచీ మొదలు. ఏం చేయాలి?" అడిగేవాళ్లు ఎక్కువమంది కాబట్టి మొత్తం ఒకేచోట రాస్తున్నాం. ఏడాది నుంచి ఆరేళ్ల లోపు పిల్లల కోసం ఇది. ఏడాది నిండని పసివాళ్ల సంగతి మధ్యలో విడిగా చెప్పాం.

కారణం రెండు ముక్కల్లో చెప్పేస్తాం. దేశమంతటికీ గడియారం ఒకటే, సూర్యుడు మాత్రం తూర్పువాళ్లకి ముందొస్తాడు. జూన్ మొదట్లో మహారాష్ట్ర అంచున దెగ్లూరులో 5:40 ప్రాంతంలో పొద్దు పొడిస్తే, బరంపురంలో 5:10 కల్లా పొడుస్తుంది. రాయగడ, జయపురం వైపు పదేసి నిమిషాలు ఆలస్యం, అంతే. పొద్దు పొడవడానికి 20, 25 నిమిషాల ముందే ఆకాశం తెల్లబడుతుంది కనుక, మన గదుల్లో 4:45కే వెలుగు. అదే జనవరి మొదటి వారంలో బరంపురంలో సూర్యోదయం 6:25 దాటాకే. చలికాలంలో ఆరున్నరదాకా పడుకున్న పిల్ల వేసవిలో ఐదింటికి లేస్తోందంటే పిల్లలో మార్పేమీ లేదు. గది మారింది. నిద్ర చివరి గంటల్లో కునుకు పలచగా ఉంటుంది, ఆ సమయంలో కళ్ల మీద పడే వెలుగు 'తెల్లారింది' అని ఒంటికి చెప్పేస్తుంది. అది రోజూ జరిగితే ఒంటి గడియారమే ముందుకు జరిగిపోతుంది.

కాబట్టి పని జరగాల్సింది 4:30కీ 6కీ మధ్య ఉన్న గంటన్నర మీదే. మన వాతావరణంలో ఇంకో షరతు కూడా ఉంది: చీకటి కోసం గాలిని చంపకూడదు. ఉక్కపోతకి లేచే పిల్లని ఎంత నల్ల పరదా కట్టినా పడుకోబెట్టలేరు.

అసలు మీకు ఇది అవసరమా?

ముందు మూడు రోజులు ఒక కాగితం మీద నాలుగు రాయండి: రాత్రి నిద్ర పట్టిన టైము (పక్క ఎక్కిన టైము కాదు), పొద్దున్న లేచిన టైము, పగటి నిద్ర ఎప్పటినుంచి ఎప్పటిదాకా, ఉదయం 9 గంటలకి పిల్ల ఎలా ఉంది.

పగలూ రాత్రీ కలిపి ఏడాది నుంచి రెండేళ్ల పిల్లలకి 11 నుంచి 14 గంటలు, మూడు నుంచి ఐదేళ్ల వాళ్లకి 10 నుంచి 13 గంటలు నిద్ర కావాలి. మూడేళ్ల పిల్లాడు రాత్రి 9కి పడుకుని 5కి లేచి, మధ్యాహ్నం రెండున్నర గంటలు పడుకుంటే మొత్తం పదిన్నర. వాడు తొమ్మిదింటికి కూడా నవ్వుతూ ఆడుతుంటే ఏమీ చేయకండి. చల్లటి పూట లేచి ఆడుకోవడం వేసవిలో మంచిదే. తొమ్మిదిన్నరకి పడుకుని, 4:50కి లేచి, మధ్యాహ్నం ఒక్క గంటే పడుకునే పిల్లాడికి ఎనిమిది గంటల ఇరవై నిమిషాలే పడుతోంది. ఇలాంటి వాళ్ల కోసమే కింద చెప్పేదంతా.

గురి ఆరు గంటలు. ఏడు, ఎనిమిది అని ఆశపడకండి. మన వేపు ఏడింటికే గోడలు కాగుతాయి, ఎలాగూ లేస్తారు.

కావలసినవి

- ముదురు రంగు దుప్పటి లేదా మందపాటి లైనింగ్ గుడ్డ, రెండు పొరలకి సరిపడా. బ్లాకౌట్ కర్టెన్ కొంటే సరే, కొనకపోయినా నష్టం లేదు.
- ఫ్రిజ్, కూలర్ వచ్చిన అట్టపెట్టెలు.
- నల్ల కాగితం, వెల్క్రో పట్టీ, గట్టి గమ్ టేపు, సన్న తాడు.
- కిటికీ బయట కట్టడానికి వెదురు తడిక లేదా పాత చాప.
- ఒక సుద్దముక్క.
- మూడేళ్లు దాటిన పిల్లలుంటే జీరో బల్బు, ప్లగ్ టైమర్.

గుడ్డ పనికొస్తుందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. చీకటి గదిలో ఫోను టార్చి వెలిగించి గుడ్డని దానికి అడ్డంగా పట్టండి. వెలుగు మచ్చ అంచులు స్పష్టంగా కనిపిస్తే ఒక పొర చాలదు. గుడ్డ నల్లగా ఉందా అన్నది కాదు, నేత దగ్గరగా ఉందా అన్నదే లెక్క. పలచటి నల్ల చున్నీ కంటే మందపాటి నీలం దుప్పటి నయం.

1. తెల్లవారుజామున 4:45కి గదిని చూడండి

చాలామంది మధ్యాహ్నం పరదా కట్టి, 'చీకటిగానే ఉంది' అనుకుని వదిలేస్తారు. మధ్యాహ్నం సూర్యుడు నెత్తిమీద ఉంటాడు, తెల్లవారుజామున నేరుగా కిటికీకి ఎదురుగా వస్తాడు. అందుకే ఒక్కరోజు 4:30కి లేచి, పిల్ల పక్కన, పిల్ల తల ఉన్న ఎత్తులోనే పడుకుని 5:15దాకా చూడండి. 4:45 నుంచి 5:15 మధ్య వెలుగు ఎక్కడెక్కడ నుంచి వస్తోందో అక్కడ గోడ మీద సుద్దతో గీత పెట్టండి. చెయ్యి చాపితే వేళ్లు విడివిడిగా లెక్కపెట్టగలుగుతున్నారంటే గదిలో వెలుగు ఎక్కువ ఉన్నట్టు.

ఇక్కడ చాలామందిని మోసం చేసేది ఉత్తరం కిటికీ. జూన్‌లో మన దగ్గర సూర్యుడు నిండు తూర్పున పొడవడు, దాదాపు 25 డిగ్రీలు ఉత్తరానికి జరిగి, అంటే ఈశాన్యం వైపు పొడుస్తాడు. చలికాలమంతా వెలుగు పడని ఉత్తరం కిటికీలోంచి ఇప్పుడు నేరుగా కిరణం వస్తుంది. పైగా వాస్తు చెప్పిందని మనం ఈశాన్యం ఖాళీగా, తెరిచి ఉంచుతాం. వేసవి తెల్లవారుజాము వెలుగంతా అక్కడినుంచే ఇంట్లోకి నడిచొస్తుంది!

2. ముందు గది మార్చగలరేమో చూడండి

డబ్బు ఖర్చు లేని పని ఇదే. నైరుతి గదిలోకో, పడమర గోడ ఉన్న గదిలోకో పిల్ల పక్క మారిస్తే సగం సమస్య తీరుతుంది. ఒక చిక్కుంది: పడమర గోడ సాయంత్రం ఎండకి కాగి, రాత్రి పదింటిదాకా వేడి వదులుతుంది. అందుకని సాయంత్రం ఆరింటికి డాబా మీదా, ఆ గోడ బయటి వైపూ నీళ్లు చల్లి, పిల్ల పడుకోవడానికి గంట ముందునుంచి కిటికీలు తెరిచి ఫ్యాను వేసి ఉంచండి. మంచాన్ని గోడకి ఆనించకుండా జానెడు ఎడం పెట్టండి.

గది మార్చలేకపోతే, మంచం దిశ మార్చండి. తల తూర్పు గోడ వైపే ఉండి, కిటికీ తల వెనక ఉంటే వెలుగు కళ్లలోకి నేరుగా పడదు. కిటికీకి ఎదురుగా తల పెట్టి పడుకోవడమే అన్నిటికంటే చెడ్డది. కిటికీ కిందనే పక్క వేస్తే మాత్రం పరదా తాళ్లు, కిటికీ గట్టు పిల్ల చేతికి అందకుండా చూడండి.

3. పైనుంచి కిందికి మూయండి

అందరూ కిటికీ మధ్యభాగం మూసి పైన వదిలేస్తారు. ఆకాశం ఉన్నది పైన కదా, వెలుగు పడేదీ పైనుంచే. వరస ఇది:

వెంటిలేటరు. పూర్తిగా మూయకండి, వేడి గాలి బయటికి పోయే దారి అదే. గాలి వెళ్లాలి, వెలుగు రాకూడదు. వెంటిలేటరు కంటే పక్కలకి రెండేసి అంగుళాలు, పైకి నాలుగు అంగుళాలు పెద్దగా అట్ట కోయండి. దాని *కింది* అంచుని వెంటిలేటరు కింది గట్టు దగ్గర గోడకి టేపుతో బిగించి, పై అంచు గోడకి మూడు అంగుళాల ఎడంగా గది లోపలికి వాలేలా నిలబెట్టండి. పక్కల సందుని త్రికోణం అట్టముక్కలతో మూయండి. వెంటిలేటరు వైపు ఉండే ముఖానికి నల్ల కాగితం అంటించండి. గాలి పైనుంచి పోతుంది, వెలుగు అట్టకి తగిలి ఆగిపోతుంది. దీన్ని తలకిందులుగా, అంటే పై అంచు బిగించి కింద తెరిచి పెట్టేవాళ్లు చాలామంది. అలా చేస్తే ఆకాశం వెలుగు కింది సందులోంచి జారి సూటిగా పక్క మీదే పడుతుంది.

గాజు పెంకు. పెంకుటిళ్లలో వంటింటికో, నడవకో వెలుగు కోసం వేసిన గాజు పెంకు పడకగదిలో ఉంటే, లోపలి వైపు దూలాలకి రెండు మేకులు కొట్టి, తాడుతో లాగే గుడ్డ తెర కట్టండి. రాత్రి లాగేయండి, పగలు తీసేయండి. పెంకు మీద పైన సున్నం పూస్తే వేడి తగ్గుతుంది గానీ వెలుగు ఆగదు, తెల్లటి కాంతి గదంతా పరుచుకుంటుంది.

రేకుల ఇల్లు. రేకు మడతలకీ గోడకీ మధ్య సందులుంటాయి. తూర్పు, ఉత్తరం వైపు సందుల్లో మాత్రమే పాత గుడ్డ లేదా కొబ్బరిపీచు కూరండి. దక్షిణం, పడమర సందులు వదిలేయండి, రేకుల కింద చేరిన వేడి పోవాలి. ఆస్‌బెస్టాస్ రేకులైతే వాటికి రంధ్రం చేయడం, కోయడం, గీకడం వద్దు. ఆ ధూళి ఊపిరితిత్తులకి ప్రమాదం.

కిటికీ. ఇక్కడ రెండు అంచెలు కావాలి. బయట వెదురు తడిక, లోపల గుడ్డ. తడిక ఎండని గోడకి, అద్దానికి తాకకముందే ఆపుతుంది, సందుల్లోంచి గాలి కొంత వస్తుంది. లోపలి గుడ్డ కిటికీ కంటే ఇరుపక్కలా ఆరేసి అంగుళాలు, పైన ఎనిమిది అంగుళాలు ఎక్కువుండాలి. పైన రాడ్డుకీ గోడకీ మధ్య సందులోంచి వెలుగు స్లాబు మీద పడి కిందికి చిమ్ముతుంది. రాడ్డు మీద ఐదు అంగుళాల వెడల్పు అట్టని అరలా పెడితే అది ఆగిపోతుంది. పక్క అంచుల్ని వెల్క్రోతో గోడకి అంటించుకోండి. పొద్దున్న ఊడదీయడం మరచిపోకండి.

అద్దం మీదే నల్ల కాగితం అంటించడం సులువుగా కనిపిస్తుంది. పగలు ఎండపడితే నలుపు వేడిని పీల్చి అద్దాన్ని, గదిని కాచేస్తుంది. తప్పనిసరి అయితే తెల్ల కాగితం బయటికి, నలుపు లోపలికి వచ్చేలా అంటించండి.

చివరిగా తలుపు. తలుపు కింద సందు, దాని అవతల హాల్లో ట్యూబులైటు. తెల్లవారుజామున పెద్దవాళ్లు లేచి లైటు వేయగానే ఆ సందులోంచి వెలుగు చార నేల మీద పడుతుంది. పాత చీరని చుట్టగా చుట్టి పెట్టండి, అది చాలు.

4. గాలి సంగతి

తూర్పు, ఉత్తరం మూశారు. దక్షిణం, పడమర కిటికీలు తెరిచే ఉంచి పలచటి గుడ్డ వేయండి, 5:30దాకా అటునుంచి వెలుగు తక్కువే. టేబుల్ ఫ్యానుని ఆ కిటికీ దగ్గర, గాలి లోపలికి వచ్చేలా పెట్టండి.

పిల్లకి వేడిగా ఉందో లేదో చేతులు, పాదాలు పట్టుకుని తేల్చకండి. మెడ వెనక, వీపు పైభాగం తాకి చూడండి. అక్కడ చెమట జిగురుగా ఉంటే గది మూత ఎక్కువైంది, ఒక కిటికీ తెరవండి. సగం వెలుగు వచ్చినా పరవాలేదు.

దోమతెర తీసేయకండి. గజపతి, రాయగడ, కోరాపుట్ వైపు మలేరియా భయం ఉన్నదే. తెర మీదే దుప్పటి కప్పి చీకటి చేసే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది, లోపల గాలి ఆగిపోతుంది, వద్దు. తెరకి తూర్పు వైపు మాత్రం, అడుగు ఎడంగా, ఒక తాడు మీద దుప్పటి ఆరేసినట్టు వేలాడదీయండి. కిటికీలు మూసిన గదిలో దోమల చుట్ట కాల్చకండి, పొగ బయటికి పోదు.

ఏడాది లోపు పసివాళ్లకి: వెల్లకిలా, గట్టి పరుపు మీద, తలగడ, దుప్పటి, బొమ్మలు లేకుండా పడుకోబెట్టండి. ఊయల మీద గుడ్డ కప్పి చీకటి చేయకండి. గది చీకటిగా ఉంచడం వరకే వాళ్లకి వర్తిస్తుంది. ఆకలికి లేస్తే పాలివ్వాల్సిందే, కింద చెప్పే టైమరు, ఆగడం వంటివేవీ వాళ్లకి కాదు.

5. చప్పుళ్లు

చీకటి పూర్తిగా చేసినా ఐదింటికే లేస్తోందంటే చెవి పెట్టి వినండి. మార్చి నుంచి కోయిల తెల్లవారకముందే మొదలెడుతుంది, మామిడిచెట్టు కిటికీ పక్కనుంటే అది మనకి ఎంత ఇంపైనా పిల్లకి అలారమే. గుడి మైకు, మసీదు అజాన్, కుళాయి నీళ్లు వదిలే టైముకి బిందెల చప్పుడు, పక్కింటి మోటారు... వీటిని ఆపలేరు. ఆపగలిగేవి మన ఇంట్లోవే: కుక్కర్ విజిల్, మిక్సీ, పూజగది గంట, గేటు గొళ్లెం. ఇడ్లీ పిండి రాత్రే రుబ్బేసుకుంటే, కుక్కరు ఆరు తర్వాత పెడితే చాలా తేడా కనిపిస్తుంది. నాన్నమ్మ, తాతయ్య నాలుగున్నరకి లేస్తారు, వాళ్లకి ముందుగానే చెప్పుకోండి. పిల్ల కదిలిన అలికిడి వినగానే ఎత్తుకుని బయటికి తెచ్చేది మొదట వాళ్లే!

ఫ్యాను శబ్దం ఏకధాటిగా ఉంటే చిన్న చప్పుళ్లని కప్పేస్తుంది. కరెంటు పోగానే పిల్ల లేవడానికి సగం కారణం గాలి ఆగడం, సగం ఆ నిశ్శబ్దంలో బయటి చప్పుళ్లన్నీ ఒక్కసారి వినబడడం. ఇన్వర్టరు ఉంటే పిల్ల గది ఫ్యానుకే ముందు కనెక్షన్ ఇవ్వండి.

6. కడుపు, నీళ్లు

ఆరున్నరకి తినిపించి ఎనిమిదిన్నరకి పడుకోబెడితే తెల్లవారుజామున ఆకలి వేయడం సహజం. పడుకునే ముందు అరగంటకి పెరుగన్నమో, పాలో, అరటిపండో కొంచెం పెట్టండి. తర్వాత పళ్లు తోమించి, ఒంటికి పోయించి పక్క ఎక్కించండి. పక్క తడుపుతోందని సాయంత్రం నుంచి నీళ్లు ఆపేయకండి, ఈ ఎండల్లో అది ప్రమాదం. పగలంతా బాగా తాగించి, రాత్రి చివరి గంటలో కొంచెం తగ్గిస్తే చాలు. డైపరు వేస్తుంటే రాత్రికి ఒక సైజు పెద్దది వేయండి.

ఐదింటికి లేవగానే పాలసీసా ఇచ్చి మళ్లీ పడుకోబెట్టడం మొదటి మూడు రోజులు పనిచేస్తుంది. నాలుగో రోజునుంచి కడుపు ఐదింటికే పాలు అడగడం నేర్చుకుంటుంది. ఏడాది దాటిన పిల్లకి ఆరుకి ముందు నీళ్లు తప్ప వేరే ఏమీ వద్దు.

7. పగటి నిద్ర, రాత్రి టైము

ఇక్కడ పిల్లలు రెండు రకాలు. మీ పిల్ల ఏ రకమో తెలియకుండా ఏమీ మార్చకండి, ఎందుకంటే రెండు రకాలకీ చేయాల్సినవి ఒకదానికొకటి వ్యతిరేకం.

ఒక రకం: రాత్రి ఏడున్నర, ఎనిమిదికే పడుకుని 5కి లేచి, పగలంతా హుషారుగా ఉంటారు. వీళ్ల గడియారం ముందుంది. పడుకునే టైముని మూడు రోజులకోసారి 15 నిమిషాలు వెనక్కి, అంటే ఆలస్యంగా, జరపండి. ఒక్కరోజులో గంట జరిపితే అలిసిపోయి ఇంకా ముందే లేస్తారు. సాయంత్రం 5 నుంచి 6:15దాకా బయట వెలుగులో ఆడించండి, జూన్ మొదట్లో సూర్యాస్తమయం 6:25 ప్రాంతంలో అవుతుంది. సాయంత్రపు వెలుగు గడియారాన్ని వెనక్కి లాగుతుంది, పొద్దుటి వెలుగు ముందుకి తోస్తుంది.

రెండో రకం, మన ఇళ్లలో ఎక్కువ: పెద్దవాళ్లతోపాటే పదిన్నరదాకా మేలుకుని, వెలుగుకి 5కే లేచి, తొమ్మిదింటికి ఏడుపు. వీళ్లని 'ఇంకాస్త ఆలస్యంగా పడుకోబెడితే ఆలస్యంగా లేస్తారు' అనుకోవడం పెద్ద పొరపాటు. వెలుగు 4:45కే వస్తుంది, పిల్ల ఎప్పుడు పడుకుందో దానికి తెలియదు. బాగా అలిసిపోయిన పిల్ల గాఢంగా కాదు, కలతగా పడుకుంటుంది. వీళ్లని రోజుకి పదేసి నిమిషాలు ముందుకి జరిపి 9 లోపల నిద్రపోయేలా చేయండి. ఏడున్నర తర్వాత ట్యూబులైటు తీసేసి చిన్న బల్బు, ఫోను, టీవీ బంద్.

పగటి నిద్ర ఇద్దరికీ ఒకే లెక్క: మధ్యాహ్నం మూడింటికి, మహా అయితే మూడున్నరకి లేవాలి. చల్దన్నమో, పొఖాళో తిని ఒంటిగంటకి వాలితే నాలుగున్నరదాకా లేవరు, ఆ పైన రాత్రి పదింటికి కూడా కళ్లు మూతపడవు. రెండు గంటలు పడుకున్నాక మెల్లగా కిటికీ తెర తీసి లేపండి. నాలుగైదేళ్ల వాళ్లకి గంట చాలు.

8. ఐదింటికి లేచినప్పుడు మీరేం చేయాలి

గదికి చేసిన ఏర్పాటు ఎంత బాగున్నా ఇక్కడ తప్పితే అంతా పోతుంది.

లైటు వేయకండి. ఎత్తుకుని బయటికి తేకండి. ఫోను ఇవ్వకండి, ఒక్క రోజు కూడా. ఐదింటికి లేస్తే బొమ్మలు చూడొచ్చని తెలిసిన పిల్లకి చీకటి అడ్డం కాదు. గొంతు తగ్గించి 'ఇంకా తెల్లారలేదు, పడుకో' అని ఒకే మాట, అదే మాట ప్రతిసారీ అని, వీపు మీద చెయ్యి వేసి ఊరుకోండి. ఏడిస్తే పక్కనే ఉండండి. నిద్ర రాకపోయినా చీకట్లో కదలకుండా ఉండడమే మొదటి వారానికి లాభం.

మూడేళ్లు దాటిన వాళ్లకి లైటు గుర్తు బాగా పనిచేస్తుంది. జీరో బల్బుని ప్లగ్ టైమరుకి కలిపి 'లైటు వెలిగితే లేవొచ్చు' అని పగలు ఆటలాగా రెండు మూడుసార్లు చేసి చూపించండి. మొదటి రోజే 6కి పెట్టకండి. ఇప్పుడు 5కి లేస్తుంటే 5:10కి పెట్టండి, గెలవనివ్వండి. రెండు రోజులు గెలిస్తే పదేసి నిమిషాలు పెంచండి. లైటు వెలగగానే మీరు వెంటనే వెళ్లి, పరదా బార్లా తీసి, ఎత్తుకుని బయటి వెలుగులోకి తీసుకెళ్లండి. లైటు వెలిగినా ఎవరూ రాకపోతే పిల్ల ఆ గుర్తుని నమ్మదు.

చక్రం తిరిగే టైమరైతే ఒక హెచ్చరిక: కరెంటు పోయినంతసేపూ అది ఆగిపోతుంది. రాత్రి గంట కోత పడితే ఉదయం లైటు గంట ఆలస్యంగా వెలుగుతుంది. పడుకునే ముందు రోజూ సరిచూసుకోండి. ఆ బాధ వద్దనుకుంటే బ్యాటరీతో నడిచే అంకెల గడియారంలో నిమిషాల మీద టేపు అంటించేయండి. 6 కనబడితే లేవొచ్చు. నాలుగేళ్ల పిల్లకి ఒక అంకె గుర్తుపట్టడం కష్టం కాదు.

డాబా మీద పడుకునేవాళ్లకి

డాబా మీద ఆరింటిదాకా నిద్ర ఆశించకండి, ఆకాశానికి పరదా కట్టలేం. కొంత మేలు చేయొచ్చు: మెట్లగదికి పడమర వైపు పక్క వేయండి, దాని నీడ దాదాపు ఆరింటిదాకా పక్క మీదే ఉంటుంది. దోమతెరకి తూర్పు, ఉత్తరం వైపు ముదురు చీర రెండు పొరలుగా తాడు మీద వేలాడదీయండి (బరంపురం పట్టు పెట్టెలోనే ఉండనివ్వండి, మంచుకి పాడవుతుంది). లేదా 4:15కి, ఆకాశం తెల్లబడకముందే, గాఢంగా ఉన్న పిల్లని ఎత్తి కింద చీకటి గదిలోకి మార్చండి. 4:45 తర్వాత మారిస్తే లేచిపోతుంది. పిట్టగోడ పిల్ల ఎక్కలేనంత ఎత్తు లేకపోతే డాబా మాటే వద్దు.

పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

మొదటి మూడు రోజులు తేడా ఉండదు, ఎక్కువమంది అక్కడే మానేస్తారు. వారం నుంచి రెండు వారాలు పడుతుంది. అదే కాగితం మీద అవే నాలుగు రాస్తూ ఉండండి. చూడాల్సింది ఒక్క రోజు టైము కాదు, ఐదారు రోజుల సగటు. 4:50 నుంచి 5:20కి వచ్చినా దారిలో పడినట్టే. లేచే టైము మారకపోయినా తొమ్మిదింటి ఏడుపు తగ్గితే అదీ ఫలితమే.

పది రోజులైనా కదలిక లేకపోతే ఇలా వెతకండి. రోజూ ఒకే నిమిషానికి లేస్తుంటే అది చప్పుడో, అలవాటైన ఆకలో. ఒక్కోరోజు ఒక్కో టైముకి లేస్తుంటే ఉక్క, తడి, దోమ. మబ్బు పట్టిన రోజున మాత్రం ఆలస్యంగా లేస్తే ఇంకా ఎక్కడో వెలుగు వస్తోంది, సుద్దముక్క తీసుకుని మళ్లీ మొదటి మెట్టుకి.

నిద్ర కోసం జలుబు సిరప్ పోయడం కొందరికి అలవాటు. మత్తు వస్తుంది నిజమే, అది నిద్ర మందు కాదు, చిన్నపిల్లల్లో ఊపిరికి ఇబ్బంది కలిగించవచ్చు. వద్దు.

డాక్టరుకి చూపించాల్సినవి కొన్ని ఉన్నాయి. రోజూ గురక పెట్టడం, నోరు తెరుచుకుని నిద్రపోవడం, నిద్రలో ఊపిరి ఆగినట్టు అనిపించడం. తెల్లవారుజామున దగ్గు. రాత్రి పిరుదుల దగ్గర దురదతో లేవడం, అది నులిపురుగుల లక్షణం. ఫిబ్రవరి 10, ఆగస్టు 10న అంగన్‌వాడీలో ఇచ్చే మాత్ర తప్పిపోయి ఉంటే అది కూడా చెప్పండి. చెమటకాయలు మెడ మడతల్లో పుండ్లయితే ఆ మంటకి కూడా లేస్తారు.

ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎప్పుడు ఆపాలి

ఎండలు ముదిరితే ఏప్రిల్‌లో ఒడిశా బడులు ఉదయం ఆరున్నరకే మొదలవుతాయి. అన్నయ్యో అక్కో ఐదున్నరకి లేచి తయారవుతుంటే చిన్నదాన్ని ఆరింటిదాకా పడుకోబెట్టడం అయ్యే పని కాదు. సెలవులిచ్చిన మర్నాడు మొదలుపెట్టండి. ఆంధ్రా వైపు ఒంటిపూట బడులకి అంత తొందర ఉండదు కాబట్టి ఇచ్ఛాపురం, సోంపేట వాళ్లు మార్చి చివరే మొదలుపెట్టొచ్చు. బడి తెరవడానికి పది రోజుల ముందునుంచి లైటు గుర్తుని రెండు రోజులకోసారి పది నిమిషాలు ముందుకి తెచ్చి, లేవగానే తూర్పు కిటికీ తెర తీయండి. ఇన్నాళ్లూ మీరు ఆపిన ఆ వెలుగే ఇప్పుడు పిల్లని లేపుతుంది. వానలు పట్టాక బయటి తడికలు విప్పి ఆరబెట్టి దాచండి, లేకపోతే బూజు పడుతుంది. వెంటిలేటరు అట్ట తడిస్తే ఉబ్బి ఊడి పక్క మీద పడుతుంది, దాన్ని మొదటి వానకే తీసేయండి.